నలభై అయిదు డిగ్రీల మహానుభావుడు

ఒంటిపూట బడులు మొదలైన వారం. స్టాఫ్ రూములో నీళ్ళు తాగుతుంటే ఫోన్లో మెసేజ్ వచ్చింది, ఆత్మకూరు సోలార్ సార్ గుండెపోటుతో పోయారని. దాని కింద వరసగా దణ్ణాలు, ఏడుపు బొమ్మలు, ‘మెట్ట రైతుల బతుకుల్లో వెలుగు నింపిన సూర్యుడు అస్తమించాడు’ అని ఎవరో రాసిన కవిత్వం. నేను నీళ్ళు తాగడం పూర్తి చేసి, గ్లాసు బోర్లించి, ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పడానికి వెళ్ళాను. పోయిన మనిషి గురించి మంచే మాట్లాడాలని అందరూ అంటారు. ఆ లెక్కన ఈయన గురించి నేను నోరు మూసుకోవాలి. మూసుకోవడం నా వల్ల కాదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా అందరికీ ఆయన సోలార్ సారే. పొలాల్లో బోరు మోటార్లకు సోలార్ ప్యానెళ్ళు బిగించడం ఆయన పని. అంతకు ముందు డిష్ యాంటెనాలు బిగించేవాడు. దానికి ముందు ఏం చేశాడో నాకు తెలియదు గాని, చేసినంత కాలం ఎవరి కొంపో ముంచే ఉంటాడు.

మనిషి పొడుగరి. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు. ఆ కళ్ళద్దాలు మనుషులతో మాట్లాడేటప్పుడు పెట్టుకునేవాడు, సూర్యుడి వైపు చూసేటప్పుడు తీసేసేవాడు. ఎవరి పొలంలో అడుగు పెట్టినా ముందు చేసే పని అదే. కళ్ళద్దాలు తీసి, ఎండలోకి కళ్ళు చికిలించి, లోపల ఏదో పెద్ద లెక్క కడుతున్నట్టు పెదాలు కదిపి, తల ఊపి, మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకునేవాడు. చుట్టూ నిలబడినవాళ్ళు అంతసేపూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. నేను లెక్కల టీచర్ని. పెదాలు కదిపి లెక్క చేస్తున్నట్టు నటించే పిల్లలు నా ప్రతి క్లాసులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళను పట్టుకోవడానికి నాకు నిమిషం చాలు.

చొక్కా జేబులో పసుపుపచ్చ ప్లాస్టిక్ మూలమట్టం ఒకటి ఎప్పుడూ కనిపించేలా పెట్టుకునేవాడు. పిల్లల జామెట్రీ బాక్సులో మూలమట్టాలు రెండుంటాయి. ఈయన దగ్గర ఒకటే ఉండేది, నలభై అయిదు డిగ్రీలది. స్టాండు మీద దాన్ని ఆనించి, ఒక కన్ను మూసి చూసి, ‘ఓకే’ అనేవాడు. ఆ ‘ఓకే’తో శాస్త్రం అయిపోయేది. ఏ పొలానికి వెళ్ళినా, ఏ నెలలో వెళ్ళినా నలభై అయిదే.

ఆ నలభై అయిదు ఆయన సొంత బుర్రలో పుట్టింది కూడా కాదు. ఏదో చలిదేశంవాళ్ళు చేసిన వీడియోలు ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. అక్కడ సూర్యుడు దక్షిణం వైపు కిందుగా నడుస్తాడు, కాబట్టి ప్యానెల్ బాగా ఏటవాలుగా నిలబడాలి. వాళ్ళ లెక్క వాళ్ళకు నూటికి నూరుపాళ్ళు సరైనదే. మన వైపు అయితే ప్యానెల్‌ను దక్షిణానికి కాస్త వాలిస్తే చాలు. ధనుర్మాసంలో మన సూర్యుడు కూడా దక్షిణానికి ఒరుగుతాడు గనక నిలబెట్టిన ప్యానెల్ అప్పుడు బాగానే పనిచేస్తుంది. చైత్రం చివరికల్లా సూర్యుడు నడినెత్తికి వస్తాడు, ఆ తర్వాత ఇంకాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. అప్పుడు అదే ప్యానెల్ ఎండకు మొహం చాటేసి నిలబడుతుంది. బోరు నీళ్ళు ఎప్పుడు కావాలో అప్పుడే రావన్నమాట. ఇదంతా తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం బయట నిలబడి కాళ్ళ కింద చూసుకుంటే చాలు.

ఆత్మకూరు బస్టాండు పక్కన టీ బంకు దగ్గర ఆయన దర్బారు జరిగేది. స్కూలు నుంచి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడల్లా నా చెవిన పడేది. బిస్కెట్టు ప్యాకెట్టును టీ గ్లాసుకు ఆనించి నిలబెట్టి, ‘ఇదో, ఇదీ యూరప్ యాంగిల్’ అని చూపించేవాడు. తర్వాత ఆ యూరప్‌ను విప్పి టీలో ముంచుకుని తినేవాడు. ఒకసారి చేజర్ల వైపు రైతు ఒకాయన, ఎండాకాలం పొద్దు నెత్తిమీద ఉంటది గదా సార్, అప్పుడెట్ట అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్న అదే. దానికి ఈయన చెప్పిన జవాబు నేను బతికున్నంత కాలం మరిచిపోను.

“పొద్దు యాడుంటే నీకేంది? మన యాంగిల్ కరెక్టుగా ఉంటే పొద్దే మన దారికొస్తాది.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి, మెచ్చుకోలుగా తలలూపారు. అడిగిన రైతు సిగ్గుపడి టీ తాగేశాడు. మనవాళ్ళ దగ్గర సందేహం అడిగినవాడే తెలివితక్కువవాడవుతాడు, దబాయించినవాడు సార్ అవుతాడు.

ఆయన్ను మోసగాడు అనడానికి కూడా నాకు మనసొప్పదు. మోసం చేసేవాడికి అసలు సంగతి తెలిసి ఉండాలి. దాన్ని దాచడానికి కాస్తయినా బుర్ర వాడాలి. ఈయనకు ఆ శ్రమ కూడా లేదు. తాను చెప్పేది నిజమని మనసారా నమ్మాడు. నమ్మినందుకు ఏ రోజూ ఒక్క చుక్క చెమట కూడా చిందించలేదు, ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. ఆ నమ్మకానికి మూల్యం చెల్లించింది మా అక్క.

మా అక్కా బావా సీతారామపురం అవతల కొండ వారన నిమ్మతోట వేసుకున్నారు. అక్కడికి కరెంటు లైను లేదు. తోట మొదలుపెట్టినప్పటి నుంచి ఆయిలింజనుతోనే బోరు నీళ్ళు తోడేవాళ్ళు. రోజూ డీజిల్ క్యాన్లు మోసి మోసి బావ నడుము పడిపోయింది. చెట్లు సరిగ్గా కాపుకొచ్చిన ఏడు, ధనుర్మాసంలో, సోలార్ సార్ వాళ్ళ తోటలో అడుగు పెట్టాడు.

ఆ రోజు నేను అక్కడ లేను. అక్క ఫోన్లో చెప్పి మురిసిపోయింది. కొబ్బరికాయ కొట్టారు. ప్యానెళ్ళకు పసుపు రాసి బొట్లు పెట్టారు. స్విచ్ వెయ్యగానే పైపు నిండా నీళ్ళు వచ్చి తొట్టిలో పడ్డాయి. సార్ మొదటి దోసెడు నీళ్ళు తాను తాగి, కళ్ళు మూసుకుని, ‘తియ్యగా ఉండాయి’ అన్నాడట. నీళ్ళ రుచికి ప్యానెల్‌కు ఏం సంబంధమో మరి. పోయేముందు రెండు పనులు చేయించాడు. స్టాండుకు బోల్టులు పెడితే దొంగలు విప్పుకుపోతారని మొత్తం వెల్డింగ్ చేయించాడు, ఇక ఎవరూ వంచలేకుండా. ఆయిలింజను చూసి నవ్వి, ఇంక ఈ ఇనప ముక్క ఎందుకు, అమ్మేయండని చెప్పాడు. బావ మరుసటి వారమే అమ్మేశాడు. అప్పటి నుంచి ఆ తోట ప్రాణం మొత్తం ఆ స్టాండు మీదే ఉంది.

మార్చి దాటేసరికి అక్క గొంతు మారింది. పొద్దున మోటారు ఆలస్యంగా మొదలవుతోందని, సాయంత్రం తొందరగా ఆగిపోతోందని, మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే కూడా పైపులో చిటికెన వేలంత ధారే వస్తోందని చెప్పింది. సార్‌కు ఫోన్ చేస్తే ముందు దుమ్ము అన్నాడు. రోజూ ప్యానెళ్ళు కడిగారు. తర్వాత బోర్లో నీళ్ళు తగ్గాయన్నాడు. పక్క చేని బోరు బాగానే పోస్తోందని బావ చెప్తే, అప్పుడు బొట్ల మీదికి వచ్చాడు. ప్యానెల్ మీద కుంకుమ పెట్టినందువల్ల పవర్ తగ్గిందట. అక్క కూర్చుని గోరుతో ఆ మరకలన్నీ గీకింది. నిమ్మకు మంచి ధర పలికేది ఎండాకాలంలోనే. గోలీకాయలంత పిందెలు పాదుల్లో రాలిపోతుంటే అక్క కుంకుమ గీకుతూ కూర్చుంది.

సెలవులివ్వగానే నేను వెళ్ళాను. తోటలో అడుగు పెట్టగానే స్టాండు కనపడింది. నడినెత్తిన సూర్యుడు, ఆయనకు పక్క చూపించి నిలబడిన ప్యానెళ్ళు. విషయం ఇదీ అని బావకు చెప్పాను. ఆయన నన్ను చూసి జాలిగా నవ్వాడు. నువ్వు పిల్లకాయలకు చెప్పుకునేదానివి, ఆయన ఊరూరా బిగించినాడు, ఆయనకు తెలీదా అన్నాడు. అక్క మాత్రం సార్‌కు ఫోన్ చేసి, మీరు రాకపోతే ఆత్మకూరొచ్చి మీ ఇంటి ముందు కూర్చుంటానని చెప్పింది. అందుకని వచ్చాడు.

రాగానే కళ్ళద్దాలు తీసి సూర్యుణ్ణి చూశాడు, పెదాలు కదిపాడు, మూలమట్టం తీసి స్టాండుకు ఆనించాడు, ‘ఓకే’ అన్నాడు. అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. నేను దగ్గరికి వెళ్ళి, ఈ యాంగిల్ చలిదేశాలకు సార్, మనకు కాదని మర్యాదగానే చెప్పాను. ఇంత నిలువుగా ఎందుకు పెట్టారని అడిగాను.

“పైన మంచు పడితే జారిపోవాల గదా మేడమ్,” అన్నాడు.

నేను కొండ వైపు చూశాను. రాళ్ళ మీద ఎండ సెగలు లేస్తున్నాయి. సీతారామపురంలో మంచు పడిందని ఎప్పుడైనా విన్నారా అని అడిగాను. పడకపోవచ్చు, శాస్త్రం అన్ని దేశాలకూ ఒకటే అన్నాడు. అప్పుడు ఆయన్ను ప్యానెళ్ళ నీడలోంచి బయటికి పిలిచి, ఒకసారి కింద చూడమన్నాను. మా ఇద్దరి నీడలూ మా చెప్పుల కిందే ఉన్నాయి. సూర్యుడు నెత్తిమీద ఉన్నాడు కాబట్టి ప్యానెల్ కూడా పైకే చూడాలి, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అన్నాను. ఆయన నిజంగానే కింద చూశాడు. ఒక అడుగు పక్కకు జరిగి మళ్ళీ చూశాడు. ఆ ఒక్క క్షణం ఆయనకు అర్థమైందనే అనుకున్నాను.

“అది మన నీడ మేడమ్. ప్యానెల్ లెక్క వేరే.”

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను. మొద్దు పిల్లలను చూశాను, మొండి పిల్లలను చూశాను. కళ్ళెదుట కనిపించేదాన్ని ఇంత హాయిగా తోసిపారేసినవాణ్ణి మాత్రం చూడలేదు. నాకు కోపం కంటే ముందు అసహ్యం వేసింది.

పోతూ పోతూ బావకు ఇంకో మాట చెవిలో వేసి పోయాడు. వెల్డింగ్ కోసినా, వేరేవాళ్ళు స్టాండు ముట్టుకున్నా గ్యారంటీ పోతుందట, మోటారు కూడా కాలిపోవచ్చట. దాంతో బావ వెనక్కి తగ్గాడు. సారే మళ్ళీ వచ్చి చూస్తానన్నాడు గదా, ఆగుదాం అన్నాడు. ఆగారు. ఫోన్ చేసినప్పుడల్లా రేపొస్తానన్నాడు. ఆ రేపుల్లో తోట పైభాగం, గులకనేల మీది చెట్లు, ఆకులు ముడుచుకుని దొప్పలయ్యాయి. పొద్దున లేచి చూస్తే పాదుల్లో ఎండుటాకులు గుట్టలుగా పడి ఉండేవి. అక్క ఆ ఉన్న ధారనే ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి తిప్పి పారించింది. ఎటు తిప్పినా చాల్లేదు.

ఒక పొద్దున పైభాగంలో ఒక చెట్టు కొమ్మ వంచితే పుటుక్కున విరిగింది. అక్క ఆ కొమ్మ తెచ్చి బావ ముందు పడేసింది.

“గ్యారంటీ దేనికిచ్చినాడు, చెట్లకా, ఇనుముకా?”

 అక్క ఉదయగిరి నుంచి వెల్డింగ్ పనివాణ్ణి పిలిపించింది. అతను కోత మిషనూ జనరేటరూ ఆటోలో వేసుకుని వచ్చాడు. స్టాండు కోసి, ప్యానెళ్ళు దాదాపు పడుకోబెట్టి, దుమ్ము జారడానికి మాత్రం కాస్త వాలు ఉంచి, మళ్ళీ చలికాలంలో లేపుకోవడానికి వీలుగా బోల్టులు పెట్టించాం. మోటారు కాలిపోలేదు. మధ్యాహ్నానికల్లా పైపు నిండి నీళ్ళు తొట్టిలో పడ్డాయి. అక్క ఆ నీళ్ళు చూసి సంతోషించలేదు, తొట్టి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. కిందిభాగం చెట్లు బతికాయి. పైభాగం చెట్లు ఆ నీళ్ళు అందుకోలేదు. వానాకాలంలో వాటిని కొట్టి పొయ్యిలోకి వాడుకున్నారు.

ఆ చెట్లు కొట్టకముందే సార్ వచ్చాడు, స్టాండు పని అంతా అయిపోయాక. కోసిన స్టాండు చూసి కోప్పడతాడనుకున్నాను. నేను మళ్ళీ ఆయన్ను తక్కువ అంచనా వేశాను. చుట్టూ తిరిగి చూసి, తొట్టిలో పడుతున్న నీళ్ళను చూసి, ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. ‘రైతు సోదరులారా, ఇది మన వేసవి సెట్టింగ్’ అని చెప్పుకుంటూ నడిచాడు. ఎండిన చెట్ల దాకా వచ్చి, చాలా నేర్పుగా ఫోన్ పక్కకు తిప్పి, కిందిభాగం పచ్చ చెట్ల మీదికి పోనిచ్చాడు. ఆ చేతివాటం చూశాక, కింద చూసిన ఆ రోజు ఆయనకు నిజంగానే అర్థం కాలేదా అనే సందేహం మొదటిసారి వచ్చింది. వీడియో అయ్యాక, మజ్జిగ ఉంటే పొయ్యమ్మా అన్నాడు. అక్క పోసింది. నేను అయితే ఆ చెంబు నెత్తిన బోర్లించేదాన్ని. ఇంటికొచ్చినవాడికి దాహానికి ఇవ్వకుండా ఉంటామా అంది అక్క. ఆయన రెండు చెంబులు తాగాడు.

పోనీ బుద్ధి వచ్చిందనుకుందామంటే, వెల్డింగ్ చేసిన పాత స్టాండు ఒక్కటి కూడా ఆయన తిరిగి కోయలేదు. కోస్తే ముందు చేసింది తప్పని తేలుతుంది గదా. ఆ తర్వాతి చలికాలంలో ఇంకా కొన్ని ఊళ్ళలో బిగించాడు. అదే మూలమట్టం, అదే వెల్డింగ్. వేసవి రాగానే నేనే వచ్చి మారుస్తాను, ఇంకెవరూ ముట్టుకోవద్దని మాత్రం చెప్పేవాడట. ఆ మాట చెప్పుకుంటూ ఉండగానే పోయాడు.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి చెప్పాను. పీడ పోయింది అంటుందనుకున్నాను. అక్క ఆ మాట అనలేదు.

“మన తోట వీడియో చూపించే గదమ్మే ఆయన వాళ్ళందరికీ బిగించింది. ఎండలు ముదరకముందే ఎవరో ఒకరు పొయ్యి చెప్పాల.”

వద్దని చెప్పి చూశాను. వినలేదు. కలువాయి వైపు ఒక నిమ్మతోటవాళ్ళు అప్పట్లో వీడియో చూసి అక్కకు ఫోన్ చేశారట, నీళ్ళు బాగా వస్తున్నాయా అని. ముందు వాళ్ళ దగ్గరికే పోదామంది. నాకు పరీక్షల పనితో ఆలస్యమై, సెలవులు మొదలవగానే ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కాం.

తోట చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. దూరం నుంచే స్టాండు కనిపించింది, అదే నలభై అయిదులో. పైపులోంచి నీళ్ళు వస్తున్నాయనడానికి లేదు, కారుతున్నాయి. పైపు కింద బిందె పెట్టి, అది నిండేదాకా కూర్చుని, ఎత్తుకెళ్ళి ఒక్కో పాదులో పోస్తోంది ఆ ఇంటి ఇల్లాలు. రైతు పెద్దాయన మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టాడు. అక్క మొత్తం చెప్పింది. మా స్టాండు కోసిన సంగతి, బతికిన చెట్ల సంగతి, పొయ్యిలోకి పోయిన చెట్ల సంగతి దాచకుండా చెప్పింది. ఉదయగిరి పనివాణ్ణి మాట్లాడుకునే వచ్చాం, మీరు ఊ అంటే మధ్యాహ్నానికల్లా వస్తాడు అంది.

పెద్దాయన అంతా శ్రద్ధగా విన్నాడు. స్టాండు వైపు చూసి చేతులు జోడించాడు.

“ఆ మహానుభావుడు ఉన్నప్పుడే చెప్పినాడమ్మా, నేను తప్ప ఎవురు ముట్టుకున్నా మోటారు కాలిపోతాదని. ఇప్పుడు ఆయనే లేడు. ఇంకెవురు ముట్టుకుంటారు?”

అక్క ఇంకోసారి చెప్పింది. మా మోటారు కాలలేదు పెద్దాయనా, నేను కళ్ళారా చూశాను అంది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. మీకేదో అదృష్టం బాగుండి బయటపడ్డారు అన్నాడు. నేను ఆయన్ను కూడా ఎండలోకి పిలిచి నీడ చూపించబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

తర్వాత అక్క లేచి, కొంగు నడుముకు చెక్కుకుని, పైపు దగ్గర ఇంకో బిందె పెట్టింది. నేనూ లేచాను. మూడో పాదులో పోసి వచ్చేసరికి మొదటి పాదు ఇంకిపోయి, మట్టి తెల్లబడిపోయింది. ఆ పూట మోసిన ప్రతి బిందెకూ సోలార్ సార్‌ను తిట్టాను. మనసులో కాదు, పైకే, పేరు పెట్టి తిట్టాను. పెద్దాయన మొహం ముడుచుకుని అవతలికి వెళ్ళిపోయాడు. బిందె చంకనెత్తుకుని పక్కనే నడుస్తున్న ఆ ఇల్లాలు మాత్రం నన్ను ఆపలేదు.